4 హెక్టార్లు, 3,100 అనామలీలు: పేలని షెల్స్ వెతకటానికి సెన్సర్ మార్చాలా, పద్ధతి మార్చాలా?

డికే_కర్వ్ (ప్రశ్న):

పాత ఫైరింగ్ రేంజ్, 4 హెక్టార్లు. రికార్డుల్లో ఉన్నవి 37 మి.మీ. షెల్స్, 60, 81 మి.మీ. మోర్టార్లు. బసాల్ట్ రాయి అరిగి ఏర్పడిన ఎర్ర నేల, పైన గడ్డి. చక్రాల మీద లాగే టైమ్ డొమైన్ ఈఎం (విద్యుదయస్కాంత) కాయిల్‌తో, అంటే పల్స్ పంపి, ఆపాక తిరిగొచ్చే సిగ్నల్ కొలిచేదానితో, మొత్తం నడిచేశారు. కాయిల్ 1 మీ. × 0.5 మీ., నేల నుంచి 40 సెం.మీ. ఎత్తు, నాలుగు టైమ్ గేట్లు, అంటే పల్స్ ఆపాక సిగ్నల్ కొలిచే క్షణాలు (216, 366, 660, 1266 మైక్రోసెకన్లు). లేన్ల ఎడం 80 సెం.మీ., పొజిషన్ ఆర్‌టీకే జీపీఎస్ (సెంటీమీటర్ల కచ్చితత్వంది). ఏరాల్సిన లోతు మాత్రం ఒప్పందంలో అన్నిటికీ ఒకటే రాశారు: 60 సెం.మీ.

నాది డేటా పని మాత్రమే. తవ్వేదీ తీసేదీ ఈఓడీ (పేలుడు పదార్థాల తొలగింపు) టీమ్. థ్రెషోల్డ్ (మేం పెట్టుకున్న కనీస సిగ్నల్ హద్దు) దాటిన అనామలీలు (చుట్టూ ఉన్నదానికన్నా సిగ్నల్ తేడాగా ఉన్న చోట్లు) 3,100 తేలాయి. అన్నీ తవ్వటానికి టైమూ లేదు, డబ్బూ లేదు. వీటిలో ఎక్కువ భాగం పెంకులు (పేలిన షెల్స్ ముక్కలు), మేకులు, తీగ ముక్కలే అయి ఉంటాయి. కానీ ఏవి పెంకులో, ఏవి కావో ఈ నాలుగు గేట్ల డేటాతో చెప్పలేకపోతున్నాను.

అడగాలనుకున్నవి:

సీజియం మాగ్నెటోమీటర్ తెచ్చి మళ్ళీ నడిస్తే ఈ లెక్క తగ్గుతుందా? దాని సున్నితత్వం చాలా ఎక్కువంటున్నారు.

మ్యాపులో కొన్ని అనామలీలు గుండ్రంగా లేవు. పక్క పక్క లేన్లలో ఒకటి ముందుకీ ఒకటి వెనక్కీ జరిగి, రంపపు పళ్ళలా ఉన్నాయి. ఇదేమిటి?

పైవాళ్ళు జీపీఆర్ (నేలలోకి చూసే రాడార్), డ్రోన్ అంటున్నారు. వాళ్ళకి ఏం చెప్పాలి?

—

నానోటెస్లా:

మొదటిదానికి సూటిగా: తగ్గదు. మీ నేలలో పెరుగుతుంది.

మాగ్నెటోమీటర్ ఏమీ పంపదు. భూమి అయస్కాంత క్షేత్రం (చోటుని బట్టి సుమారు 25,000 నుంచి 65,000 నానోటెస్లా) ఇనప వస్తువు దగ్గర ఎంత చెదిరిందో కొలుస్తుంది, అంతే. దూరం రెట్టింపైతే సిగ్నల్ ఎనిమిదో వంతుకి పడుతుంది. ఈఎం కాయిల్‌కి ఈ శిక్ష రెండుసార్లు. పోయే క్షేత్రానికి ఒకసారి, తిరిగొచ్చేదానికి ఇంకోసారి. దూరం రెట్టింపైతే 64వ వంతు. అందుకే లోతుగా దిగిన పెద్ద బాంబులకి మాగ్నెటోమీటర్, పైపైన ఉన్న చిన్నవాటికి ఈఎం అనే అలవాటు వచ్చింది.

లెక్క చూడండి. 50,000 నానోటెస్లా క్షేత్రంలో 10 సెం.మీ. వ్యాసమున్న ఇనప గోళం మూమెంట్ (అయస్కాంత బలం) సుమారు 0.06 ఆంపియర్ చదరపు మీటర్లు. దాని అక్షం మీద 1 మీటరు దూరంలో 12 నానోటెస్లా, 2 మీటర్లలో 1.5, 3 మీటర్లలో అర కూడా రాదు. గోళం లోపల బోలుగా ఉన్నా ఈ అంకెలు పెద్దగా మారవు. ఇనుము పర్మియబిలిటీ (అయస్కాంత క్షేత్రాన్ని తనలోకి లాక్కునే గుణం) అంత ఎక్కువ కాబట్టి గోడ ఒక్కటే పని కానిచ్చేస్తుంది. సీజియం సెన్సర్ ఇంతకన్నా ఎంతో చిన్న మార్పుల్ని కూడా చూడగలదు, నిజమే. కానీ అసలు గొడవ సెన్సర్ నాయిస్‌తో కాదు, నేల నాయిస్‌తో. బసాల్ట్ రాయిలో దాని సొంత అయస్కాంతత్వం ఉంటుంది. ఒక్కో బండ పదులు, వందల నానోటెస్లాల అనామలీ ఇస్తుంది. 37 మి.మీ. షెల్ ఆ గందరగోళంలో కలిసిపోతుంది.

పైగా మూమెంట్ కొలిచి సైజు చెప్పటంలో ఇంకో తిరకాసు ఉంది. పొడవు వ్యాసానికి నాలుగింతలున్న షెల్ క్షేత్రం దిశలో పడుకుంటే వచ్చే మూమెంట్, దానికి అడ్డంగా పడుకుంటే వచ్చేదానికి ఐదారు రెట్లుంటుంది. అంటే ఒకే షెల్ ఒకచోట 60 మి.మీ.లా, ఇంకోచోట 105 మి.మీ.లా కనిపిస్తుంది. సైజు చూసి కొట్టేద్దామంటే కుదరదు.

నేల మాట్లాడని చోట (ఇసుక, ఒండ్రు మట్టి) మాగ్నెటోమీటర్‌తోనూ వేరు చెయ్యటానికి ఒక దారి ఉంది. నేలని గుద్దుకున్న అదురుకి షెల్‌లోని శాశ్వత అయస్కాంతత్వం చాలావరకు పోతుంది, మిగిలేది భూమి క్షేత్రం ప్రేరేపించింది మాత్రమే. కాబట్టి డైపోల్ ఫిట్‌లో (వస్తువుని చిన్న అయస్కాంతం అనుకుని డేటాకి సరిపెట్టే లెక్కలో) మూమెంట్ దిశ భూమి క్షేత్రానికి బాగా ఎడంగా, తలకిందులుగా వస్తే అది పెంకు అయ్యే అవకాశం ఎక్కువ. మీ సైట్‌లో మాత్రం ఈ పప్పులు ఉడకవు.

—

గ్రిడ్_లైన్:

రంపపు పళ్ళ సంగతి నేను చెప్తాను. అది సెన్సర్ తప్పు కాదు, గడియారాల తప్పు. ఈఎం రీడింగ్ ఒక క్షణంలో తీసుకుంటే, జీపీఎస్ పొజిషన్‌కి ఇంకో క్షణం ముద్ర పడుతోంది. ఎదురెదురు దిశల్లో నడిచిన లేన్లలో ఆ తప్పు ఎదురెదురుగా జరుగుతుంది. ఒక లేన్‌లో శిఖరం ముందుకి, పక్క లేన్‌లో వెనక్కి.

కొలవటం సులువు. ఖాళీ నేల మీద ఒక ఇనప ముక్క పెట్టండి, దాని మీదుగా ఒకే గీతపై అటూ ఇటూ ఒకే వేగంతో నడవండి. రెండు శిఖరాల మధ్య దూరాన్ని వేగానికి రెట్టింపుతో భాగిస్తే లాగ్ (ఆ రెండు గడియారాల మధ్య ఆలస్యం) వస్తుంది. ఈ పరీక్ష పూర్తి రూపంలో ఆరు లైన్లుంటాయి: ముక్క లేకుండా అటూ ఇటూ, ముక్కతో మామూలు వేగంలో అటూ ఇటూ, ముక్కతోనే ఒకసారి మెల్లగా, ఒకసారి వేగంగా. చివరి రెండూ ఎందుకంటే, లాగ్ సరిగ్గా తీసేస్తే వేగం మారినా శిఖరం చోటు మారకూడదు. మారిందంటే మీరు సరిచేసింది లాగ్ కాదు, యాంటెన్నాకీ కాయిల్ మధ్యకీ ఉన్న ఆఫ్‌సెట్ తప్పు. ఈ రెండూ కలిపేసి ఒకే అంకెతో సర్దేసేవాళ్ళు చాలామంది. నడక వేగం మారిన ప్రతి చోటా ఆ సర్దుబాటు విరుగుతుంది.

యాంటెన్నా ఎత్తు కూడా చూడండి. కాయిల్ పైన 2 మీటర్ల కర్ర మీద ఉంటే, బండి 5 డిగ్రీలు పక్కకి ఒరిగినప్పుడు పొజిషన్ 17 సెం.మీ. తప్పుతుంది. గడ్డి నేలలో 5 డిగ్రీలు ఎక్కువేం కాదు. ఐఎంయూ (ఒరుగు కొలిచే సెన్సర్) లేకుండా ఆర్‌టీకే కచ్చితత్వం గురించి మాట్లాడుకోవటం దండగ.

—

డికే_కర్వ్:

నానోటెస్లా గారు, గ్రిడ్_లైన్ గారు, థాంక్స్. ఆరు లైన్ల పరీక్ష పాత ఫైళ్ళలోనే దొరికింది. వేగం సెకనుకి 1.2 మీ., శిఖరాల మధ్య 36 సెం.మీ. అంటే లాగ్ 0.15 సెకన్లు. ఇది తీసేసి మళ్ళీ గ్రిడ్ చేస్తే రంపం పోయింది. చీలిపోయి రెండుగా లెక్కపడినవి కలిసిపోయి 3,100 కాస్తా 2,640 అయ్యాయి. బండిలో ఐఎంయూ డేటా ఉంది, వాడతాను.

ఇంకో అనుమానం. వాలు మీద, గుంతల దగ్గర వెడల్పాటి మచ్చలు చాలా ఉన్నాయి. అవి నేల వల్లేనా? ఎలా రుజువు చెయ్యటం?

—

మట్టి_మాట:

నేల వల్లే అయ్యుంటుంది. బసాల్ట్ మట్టిలో అతి సన్నని మాగ్నెటైట్, మాగ్హెమైట్ రేణువులుంటాయి. కాయిల్ పల్స్ ఆపగానే అవి వెంటనే మర్చిపోవు, మెల్లగా సడలతాయి. ఆ సడలింపు సిగ్నల్ కాలానికి విలోమంగా తగ్గుతుంది. లోహం లేకపోయినా కాయిల్ లోహం ఉన్నట్టే అరుస్తుంది. హవాయిలోని కహోఓలావే దీవిలో పేలని మందుగుండు ఏరటానికి పెద్ద అడ్డంకి ఇదే అయింది.

మీ గేట్లకి లెక్క వేస్తే, మొదటి గేటులో 10 మిల్లీవోల్టులుంటే తర్వాతవి 5.9, 3.3, 1.7 రావాలి. ఎందుకంటే 216ని 366తో, 660తో, 1266తో భాగిస్తే వచ్చే నిష్పత్తులివి. కానీ ఈ కాగితం లెక్కని నేరుగా నమ్మకండి. గేట్ల వెడల్పులు వేరు, ఒక్కో ఛానల్ గెయిన్ వేరు. సైట్‌లోనే కొలవండి. అనామలీ లేని చోట బండి ఆపి, కాయిల్‌ని 40 సెం.మీ. నుంచి 80కి ఎత్తి, మళ్ళీ మెల్లగా నేల దాకా దించండి. నాలుగు గేట్లూ మారతాయి. ఒక గేటు విలువని అడ్డంగా, ఇంకోదాన్ని నిలువుగా పెట్టి గీస్తే తిన్నని గీత వస్తుంది. ఆ గీత వాలే మీ మట్టి సంతకం. సైట్‌లో రంగు మారిన ప్రతి చోటా ఒకటి తీసుకోండి.

తర్వాత అనుమానపు మచ్చలకి రెండు ప్రశ్నలు వెయ్యండి. గేట్ల నిష్పత్తి మట్టి గీత మీదే ఉందా? మచ్చ ఉన్న చోట ఐఎంయూలో ఒరుగు, ఎత్తు మార్పు కనిపిస్తోందా? రెండింటికీ అవునైతే అది చక్రం గుంతలో దిగి కాయిల్ నేలకి దగ్గరైన చోటు. వెడల్పు కూడా చెప్తుంది. 40 సెం.మీ. ఎత్తున్న కాయిల్‌కి చిన్న ముక్క మచ్చ కాయిల్ సైజుకి అటూ ఇటుగా ఉంటుంది, మూడు నాలుగు మీటర్ల మచ్చ ఒంటరి షెల్‌ది కాదు.

ఒక హెచ్చరిక. నిష్పత్తి ఒక్కటే చూసి కొట్టెయ్యొద్దు. చిన్న పెంకు సిగ్నల్ మట్టిదానికన్నా వేగంగా చస్తుంది, గోడ మందమున్న పెద్ద షెల్‌ది ఇంకా మెల్లగా చస్తుంది. అంటే ఆ రెంటి మధ్య సైజు వస్తువు ఏదో ఒకటి సరిగ్గా మట్టి గీత మీద కూర్చుంటుంది. మీ విషయంలో అది 37 మి.మీ. కాదని ఎవరూ హామీ ఇవ్వలేరు. గుండ్రంగా, చిన్నగా ఉన్న మచ్చని మట్టి పేరుతో ఎప్పుడూ తీసెయ్యకండి.

—

కాయిల్_త్రయం:

పై ముగ్గురూ చెప్పినవి చేస్తే 2,640 ఇంకొంత తగ్గుతుంది. అయినా అసలు ప్రశ్న అలాగే ఉంటుంది: ఇది షెల్లా, పెంకా? దీనికి జవాబు చెప్పటం మీ సెన్సర్ వల్ల కాదు. తప్పు సున్నితత్వంలో లేదు. ఒకటే దిశలో వెలిగించి, ఒకటే దిశలో చూస్తోంది.

అడ్వాన్స్‌డ్ ఈఎం సెన్సర్లు పుట్టింది ఇందుకే. మెటల్‌మ్యాపర్‌లో ఒకదానికొకటి లంబంగా మూడు ట్రాన్స్‌మిటర్ కాయిల్స్, 10 సెం.మీ. ఘనాల్లాంటి ఏడు రిసీవర్లు, ప్రతి రిసీవర్‌లో మూడు అక్షాలు. టెమ్‌టాడ్స్ 2×2లో 35 సెం.మీ. చదరపు ట్రాన్స్‌మిటర్లు నాలుగు, వాటి మధ్యలో 8 సెం.మీ. మూడక్షాల రిసీవర్లు నాలుగు, డికే (పల్స్ ఆపాక సిగ్నల్ తగ్గే తీరు) 25 మిల్లీసెకన్ల దాకా కొలుస్తుంది. మీ బండి చివరి గేటు 1.27 మిల్లీసెకన్లు. గోడ మందం తేడా తెలిసేది ఆ తర్వాతే.

ఈ డేటాకి డైపోల్ మోడల్ ఫిట్ చేస్తే వస్తువు చోటు, లోతు, వాలుతో పాటు మూడు పోలరైజబిలిటీ గీతలు (వస్తువు ఒక్కో అక్షం దిశలో ఎంత స్పందిస్తుందో, అది కాలంతో ఎలా తగ్గుతుందో చూపేవి) వస్తాయి. వాలు విడిగా తేలిపోతుంది కాబట్టి ఆ మూడు గీతలు వస్తువు సొంతం, ఎలా పడుకున్నా మారవు. షెల్ అంటే లేత్ మీద తీసిన గుండ్రటి వస్తువు. ఒక గీత పెద్దగా, మిగతా రెండూ ఒకదాని మీద ఒకటి పడి వస్తాయి. పెంకు వంకర టింకర ముక్క, మూడూ మూడు దారుల్లో పోతాయి. మొత్తం ఎత్తు సైజు చెప్తుంది, పడిపోయే తీరు గోడ మందం చెప్తుంది. తెలిసిన షెల్స్ లైబ్రరీతో పోల్చి, ఎంత బాగా సరిపోయిందో దాన్ని బట్టి వరుస కడతారు.

ఇది కాగితం మీది మాట కాదు. అమెరికాలో 2007లో అలబామాలోని క్యాంప్ సైబర్ట్‌లో మొదలుపెట్టారు. అక్కడ వెతికింది ఒకే రకం, 4.2 అంగుళాల మోర్టార్, పెంకులకన్నా బాగా పెద్దది కాబట్టి తేలిక. 2009లో కాలిఫోర్నియాలోని శాన్ లూయిస్ ఒబిస్పోలో 60, 81 మి.మీ., 4.2 అంగుళాల మోర్టార్లు, 2.36 అంగుళాల రాకెట్లు కలిసి ఉన్నాయి. 2010లో నార్త్ కరొలైనాలోని క్యాంప్ బట్నర్‌లో 37 మి.మీ. వచ్చింది. మీ కష్టం అదే. 37 మి.మీ. షెల్, 105 మి.మీ. షెల్ పగిలిన పెంకు సైజులో ఒకటే. గోడ మందం, గుండ్రదనం తప్ప ఇంకే ఆనవాలూ ఉండదు.

మీ దగ్గర చెయ్యాల్సింది: ఉన్న జాబితా తీసుకుని ప్రతి చోటుకీ వెళ్ళి, సెన్సర్‌ని కదలకుండా పెట్టి కొలవటం. ఒక్కోటి నిమిషం లోపే, రోజుకి కొన్ని వందలు కానివ్వచ్చు. ఎక్కడ దెబ్బతింటారంటే:

బ్యాక్‌గ్రౌండ్. లోహం లేదని రుజువైన చోట కొలిచి ప్రతి రీడింగ్ నుంచీ తీసెయ్యాలి. మామూలు నేలలో రెండు గంటలకోసారి చాలు. బసాల్ట్‌లో ఇంకా తరచుగా, ఇంకా దగ్గరగా కావాలి. కొండ కింద తీసిన బ్యాక్‌గ్రౌండ్‌ని పైన వాడితే చివరి గేట్లలో దొంగ తోక మిగిలి, మేకు కూడా మోర్టార్‌లా కనిపిస్తుంది. వాన పడ్డాక పాతది పారేసి కొత్తది తీసుకోండి.

ఆఫ్‌సెట్. ఫిట్ చెప్పిన చోటు సెన్సర్ మధ్య నుంచి 40 సెం.మీ. దాటితే ఆ కొలత చెల్లదు, జరిపి మళ్ళీ కొలవాలి. మీ లాగ్ సరిచెయ్యకపోయి ఉంటే సగం పాయింట్లు ఇలాగే పోయేవి.

జంటలు. షెల్, దాని పక్కన పెంకు. ఒకే డైపోల్ ఫిట్ చేస్తే రెండూ కలిసి ఏ లైబ్రరీకీ సరిపోని మూడో వస్తువు పుడుతుంది. రెండు, మూడు మూలాలు (వస్తువులు) ఉన్నాయనుకుని లెక్కగట్టే సాల్వర్ తప్పకుండా నడపండి. అందులో ఏ ఒక్క మూలం షెల్‌లా ఉన్నా తవ్వాలి.

ఫిట్ కుదరనివి. వీటిని పెంకు అనే గంపలో వెయ్యటం అన్నిటికన్నా పెద్ద తప్పు. తెలియదు అంటే తవ్వు అనే అర్థం.

—

తవ్వే_చెయ్యి:

ఈఓడీ వైపు నుంచి రెండు ముక్కలు. విశ్లేషకులు జాబితాలో చోటు, లోతు, సైజు రాసిస్తారు. టీమ్ వెళ్తుంది. 10 సెం.మీ. దగ్గర మోర్టార్ తోక రెక్క బయటపడుతుంది. దొరికింది అనుకుని గుంత మూసేస్తారు. జాబితాలో మాత్రం 81 మి.మీ., 40 సెం.మీ. అని ఉంది. రెక్క కింద షెల్ అలాగే ఉంది.

కాబట్టి రూలు ఇది. బయటికొచ్చింది జాబితాలో రాసినదానికి సైజులో గానీ లోతులో గానీ సరిపోకపోతే గుంత పూర్తయినట్టు కాదు. చేతి డిటెక్టర్‌తో గుంత అడుగూ, నాలుగు గోడలూ, తీసి పోసిన మట్టీ చూడాలి. ఇంకా మోగుతుంటే కొనసాగించాలి. ఫొటో, కొలిచిన లోతు (పై అంచుకి కాదు, వస్తువు మధ్యకి), పడుకున్న దిశ అదే రోజు విశ్లేషకుడికి తిరిగి వెళ్ళాలి. వారం తర్వాత పంపితే ఎవరికీ పనికిరాదు.

చేతి డిటెక్టర్ ఎత్తు మీద కూడా పట్టు ఉండాలి. 25 సెం.మీ. తల నేలకి 5 సెం.మీ. పైన ఉండాల్సింది గడ్డి వల్ల 15కి లేచిందనుకోండి. 45 సెం.మీ. లోతున్న వస్తువు సిగ్నల్ దాదాపు మూడో వంతుకి పడుతుంది. సర్వేకి ముందే గడ్డి కొట్టించటానికి కారణం అందం కాదు.

ఇంకోటి. ఈఎం కాయిల్ పల్స్ పంపే యంత్రం. మాగ్నెటోమీటర్‌లా ఊరికే వినేది కాదు. సైట్‌లో అయస్కాంత ప్రభావంతో పనిచేసే ఫ్యూజులు, విద్యుత్ ఫ్యూజులు ఉండొచ్చన్న సూచన రికార్డుల్లో ఉంటే, కాయిల్ దించేముందు ఈఓడీ బాధ్యుడి లిఖితపూర్వక అనుమతి కావాలి. రేడియో సెట్లకీ అదే మాట.

—

గ్రిడ్_లైన్:

ఎవరూ ఎత్తలేదు గానీ, ఒప్పందంలోని ఆ 60 సెం.మీ. దగ్గరే మొదటి తప్పు ఉంది. ఈఎం సర్వేకి చేతి లెక్క: నమ్మకంగా కనబడే లోతు వ్యాసానికి సుమారు 11 రెట్లు. 37 మి.మీ.కి 41 సెం.మీ., 60 మి.మీ.కి 66, 81 మి.మీ.కి 89. అంటే 37 మి.మీ. షెల్‌ని 60 సెం.మీ. దాకా లేదని ఈ బండితో రాసిస్తే అది అబద్ధం. 80 సెం.మీ. లేన్ల ఎడం కూడా 81 మి.మీ.కి సరే గానీ 37కి ఎక్కువ. 50-60 ఉండాల్సింది.

రెండు దారులున్నాయి. ఒప్పందంలో రకం వారీగా లోతు రాయించుకోవటం. లేదా 60 కావాల్సిందేనంటే, పై పొరలో ఉన్నవి తీశాక 30 సెం.మీ. మట్టి ఎత్తేసి మళ్ళీ సర్వే చెయ్యటం. రెండోది ఖర్చు. ఎలాగూ పునాదులు తవ్వబోయే చోట్లలో మాత్రం చెయ్యొచ్చు.

థ్రెషోల్డ్ ఎలా పెట్టారో కూడా రాయండి. 2,640లో సగం అక్కడే రాలిపోవచ్చు.

—

డికే_కర్వ్:

థ్రెషోల్డ్ నాయిస్‌కి మూడు రెట్లు పెట్టాం. అదే తప్పా?

—

మట్టి_మాట:

అవునండీ. నాయిస్ నుంచి పైకి కట్టకూడదు, షెల్ నుంచి కిందికి కట్టాలి. 37 మి.మీ.ని ఒప్పుకున్న లోతులో, అతి బలహీనంగా కనిపించే భంగిమలో (అడ్డంగా పడుకోబెట్టి, లేన్ల మధ్యలో) పెడితే ఎంత సిగ్నల్ వస్తుందో అదే థ్రెషోల్డ్. తర్వాత చూడాల్సింది అది సైట్ నాయిస్‌కి కనీసం ఐదారు రెట్లుందా అని. లేకపోతే ఆ లోతు మీ సెన్సర్‌కి అందదన్నమాట, అంతే. నాయిస్‌కి మూడు రెట్ల దగ్గర గీత గీస్తే బసాల్ట్ నేల తనంత తానే వందల అనామలీలు పుట్టిస్తుంది.

—

నానోటెస్లా:

జీపీఆర్, డ్రోన్ మిగిలిపోయాయి.

జీపీఆర్ లోహాన్ని వెతకదు, విద్యుత్ లక్షణం మారిన ప్రతి హద్దునీ చూపిస్తుంది. రాయి, వేరు, ఎలుక బొరియ, తడి పొర అన్నీ వస్తాయి. పొడి ఇసుకలో బాగుంటుంది. తడి బంకమట్టిలో అల అడుగు దిగకముందే చస్తుంది. 400 మెగాహెర్ట్జ్ యాంటెన్నాకి, నేల పర్మిటివిటీ (అల వేగాన్ని తగ్గించే విద్యుత్ గుణం) 9 అనుకుంటే, తరంగదైర్ఘ్యం 25 సెం.మీ. ఆ కళ్ళతో 37 మి.మీ.ని రాయి నుంచి వేరు చెయ్యమనటం అన్యాయం. దీనికి సరైన చోటు లోహం దాదాపు లేని ప్లాస్టిక్ మందుపాతరలు, అదీ మెటల్ డిటెక్టర్‌తో ఒకే చేతికర్రలో జతకలిపి. మీకు అక్కర్లేదు.

డ్రోన్ మాగ్నెటోమీటర్ పెద్ద విమాన బాంబులకి, మనిషి నడవలేని చోట్లకి. మోటార్ల రొద తప్పించుకోవటానికి సెన్సర్‌ని కొన్ని మీటర్ల తాడుకి వేలాడదీస్తారు, అది ఊగుతుంది. పైన ఇచ్చిన గోళం లెక్క మళ్ళీ చూడండి. 1 మీటరు ఎత్తులో ఎగిరి, 1 మీటరు లోతు వస్తువు వెతికితే 1.5 నానోటెస్లా. మీ బసాల్ట్‌లో అది ఏ మూలకి? ఇంకా లోతుగా, 6-8 మీటర్లు దిగిన బాంబులైతే గాల్లోకి కాదు, నేలలోకే వెళ్ళాలి. జర్మనీలో నిర్మాణ స్థలాల్లో 1.5 మీటర్ల ఎడంతో బోర్లు వేసి, ప్లాస్టిక్ పైపు దించి, అందులో ఫ్లక్స్‌గేట్ (ఒక రకం మాగ్నెటోమీటర్) దింపుతారు. పైపు ఇనుముదైతే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

—

డికే_కర్వ్:

క్రమం ఇలా అనుకుంటున్నాను. లాగ్, ఒరుగు సరిచేసిన డేటాకి 37 మి.మీ., 40 సెం.మీ.కి లెక్కగట్టిన థ్రెషోల్డ్. మట్టి గీత, ఐఎంయూ రెండూ ఒప్పుకున్న వెడల్పాటి మచ్చలు పక్కకి. మిగిలినవాటికి టెమ్‌టాడ్స్ తరహా సెన్సర్‌తో కదలకుండా కొలత. 37 మి.మీ. వాడిన భాగంలో మాత్రం 50 సెం.మీ. ఎడంతో మళ్ళీ నడక. వరుస జాబితా ఎక్కడ ఆపాలో ఎవరు నిర్ణయిస్తారు? నేనైతే భయం.

—

కాయిల్_త్రయం:

మీరొక్కరే నిర్ణయించకూడదు, డేటా నిర్ణయించాలి. ముందుగా మీకు తెలియకుండా వేరేవాళ్ళు సీడ్స్ (పరీక్ష కోసం పాతే ముక్కలు) పాతిపెట్టాలి. షెల్స్ అక్కర్లేదు, పైపు ముక్కలు చాలు. చిన్నది 1 అంగుళం పైపు, 4 అంగుళాల పొడవు, ఇది 37 మి.మీ.కి బదులు. మధ్యది 2 అంగుళాలు, 8 పొడవు, 60 మి.మీ.కి బదులు. పెద్దది 4 అంగుళాలు, 12 పొడవు, 105 మి.మీ.కి బదులు. షెడ్యూల్ 40 (పైపు గోడ మందం ప్రమాణం), జింక్ పూత లేని నల్ల ఉక్కు. ఏ షాపులో కొన్నా ఒకేలా ఉండాలి కాబట్టే ఈ కొలతలు పెట్టుకున్నారు. 80-100 సీడ్స్, లోతులు, వాలులు మార్చి. ప్రతి ముక్క మీదా ఇది పేలేది కాదు అని పెయింట్‌తో రాయించండి, చుట్టూ ఉన్నది అసలు రేంజ్.

వాటిలో ఒక్కటి మీ జాబితాలో పెంకు వైపు పడినా, పని ఆపి కారణం వెతకాలి. కొట్టేసినవాటి నుంచి కొన్ని యాదృచ్ఛికంగా తీసి తవ్వించి చూడండి, ముఖ్యంగా జాబితా ఆపిన గీతకి కాస్త కింద ఉన్నవి. ప్రతిరోజూ పొద్దున్న, సాయంత్రం అదే పైపు ముక్కలు పాతిన పరీక్ష లేన్ మీదుగా సెన్సర్ నడవాలి. పొద్దుటి రీడింగ్ హద్దులో ఉండి సాయంత్రంది తప్పితే ఆ రోజు డేటా మొత్తం పక్కన పెట్టండి. కేబుల్ కనెక్టర్ వదులైంది అని తేలేది ఎక్కువగా అక్కడే.

—

తవ్వే_చెయ్యి:

సీడ్స్ పాతాక గడ్డి మట్టు అలాగే తిరిగి కప్పమనండి. తాజా మట్టి కుప్ప చూస్తే సీడ్ ఎక్కడుందో సెన్సర్ లేకుండానే కనుక్కోవచ్చు. ఇంకా, పాతే ప్రతి చోటునీ ముందు డిటెక్టర్‌తో చూసి ఖాళీ అని తేలాకే గునపం దించాలి. ఆ పని కూడా ఈఓడీ వాళ్ళదే, సర్వే కుర్రాళ్ళది కాదు.